రూం నంబర్ 7లో ఒక చీర పరదా

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఇందులో తప్పు మాదే. ఆ తప్పు చేశాక మేం తెలుసుకున్నది మీ హాస్టల్‌కి కూడా పనికొస్తుందని రాస్తున్నాం.

మేమంటే విశాఖపట్నంలో ఒక హాస్టల్లో ఏడో నంబర్ రూం వాళ్ళం. పదహారు మందిమి. అందరం కొండ మీద నుంచి దిగినవాళ్ళమే. పాడేరు, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు, అరకు వైపు. పదహారు మందిలో పన్నెండు మందిమి ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటివాళ్ళం. చాలామందిమి మూడో తరగతి నుంచే ఆశ్రమ పాఠశాలల్లో పెరిగాం. హాస్టల్ అంటే మాకు కొత్త కాదు. అదే మా పొగరు కూడా. "మేం ఎక్కడైనా ఉండగలం" అనుకునేవాళ్ళం.

రూం ఎలా ఉండేదో చెప్పాలి. 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. ఎనిమిది రెండంతస్తుల ఇనప మంచాలు. రెండు ఫ్యాన్లు, అందులో ఒకటి తిరిగితే తిరిగినట్టు. ఒకే వైపు రెండు కిటికీలు. జాలీ చిరిగిపోయి దోమలు వస్తున్నాయని మా ముందు బ్యాచ్ వాళ్ళు ఎప్పుడో మూసేశారట. వాటికి అడ్డంగా ట్రంకు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. లైట్లన్నిటికీ కలిపి తలుపు పక్కన ఒకటే స్విచ్చి. చదివేవాడికి రెండింటి దాకా లైటు కావాలి, పొద్దున్నే పార్ట్ టైం పనికి పోయేవాడికి పదింటికే చీకటి కావాలి. రోజూ దాని మీదే గొడవ. మెస్ నుంచి కంచం తెచ్చుకుని ఎవడి మంచం మీద వాడు, ఫోన్ చూస్తూ తినేవాడు. పదహారు మందిమి ఒకే రూంలో ఉన్నా వారం రోజులు మాట్లాడుకోని వాళ్ళు కూడా ఉండేవారు.

ఈ ఏడు ఫస్టియర్‌లో ఒక తమ్ముడు మా రూంకి వచ్చాడు. పేరు రాయం, వాడు వద్దన్నాడు. ఊరు పెదబయలు దాటాక ఇంకా లోపల. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. వాడికి దొరికింది తలుపు దగ్గర కింది మంచం. బాత్రూంకి పోయేవాళ్ళందరూ వాడి కాళ్ళు తగులుతూ పోవాల్సిందే. నెల తిరక్కుండానే వాడు మంచం చుట్టూ తాడు కట్టి వాళ్ళమ్మ పాత చీర ఒకటి వేలాడదీశాడు. రాత్రి భోజనం కాగానే అందులో దూరేవాడు. లోపల నుంచి ఏదో గొణుగుడు వినిపించేది.

మాకు అది ఆట అయిపోయింది. "పెళ్ళికూతురు లోపలుంది" అన్నాం. "ఎవరితోరా ఆ గుసగుసలు" అన్నాం. ఒకరోజు రాత్రి మాలో ఒకడు చీర ఒక్కసారి లాగేశాడు, తాడు తెగింది. ఇంకొకడు అప్పటికే వీడియో తీస్తున్నాడు. తమ్ముడు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని బనీనుతో కూర్చున్నాడు. ఆ వీడియో పొద్దున్నకల్లా ముగ్గురి వాట్సాప్ స్టేటస్‌లో ఉంది. లాగింది ఒకడు, తీసింది ఒకడు, నవ్వింది అందరం.

నాలుగు రోజుల తర్వాత వాడు ట్రంకు పెట్టె వదిలేసి సంచీ ఒక్కటే పట్టుకుని ఎల్లిపోయాడు. మేం ఏమన్నామో తెలుసా? "ఇంటి మీద బెంగ. గుండె ధైర్యం లేదు గుంటడికి." మనవాళ్ళు ఎవరు మధ్యలో మానేసినా ఇదే మాట అంటాం కదా. వార్డెన్ సార్ అన్నదీ అదే. రిజిస్టర్‌లో రాసిందీ అదే అయ్యుంటుంది.

తర్వాత ఒక ఆదివారం మాలో ఒకరి చిన్నాన్న కొడుకు ఊరి నుంచి వస్తే, వాడికి చూపిద్దామని ఆరుగురం ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్‌కి వెళ్ళాం. వైజాగ్‌లో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నేవీలో చేరింది. 1971 యుద్ధంలో పనిచేసింది. 2001లో రిటైరయ్యాక ఒడ్డుకి లాగి 2002లో మ్యూజియం చేశారు. 91 మీటర్ల పొడవు. అందులో 70 మందికి పైగా ఉండేవారు. టార్పెడోల పక్కనే బెర్తులు. ఒక గది నుంచి ఇంకో గదికి పోవాలంటే గుండ్రటి కంతలోంచి వంగి దూరాలి. కిటికీ అనేదే లేదు.

లోపల తిరుగుతుంటే మాకు నవ్వొచ్చింది. "ఇది మన రూం నంబర్ 7 రా" అన్నాడొకడు. గైడ్‌గా ఉన్నాయన నేవీలో చేసి రిటైరైన పెద్దాయన. ఆయన్ని అడిగాం, "ఇంత ఇరుకులో రోజుల తరబడి ఉంటే పిచ్చెక్కదా సార్?" అని. ఆయన చెప్పింది ఇదీ. "డ్యూటీ దిగాక బెర్తు మనది బాబూ. పరదా లాక్కుంటే ఎంత సీనియరైనా పలకరించడు. పనుంటేనే లేపుతారు. అది ఎక్కడా రాసి ఉండదు, కానీ అందరూ పాటిస్తారు."

ఆ మాట విన్నాక మాలో ఎవరూ ఇంకొకరి మొహం చూడలేదు. బయటికొచ్చి ఇసకలో కూర్చున్నాం. యుద్ధానికి పోయే నేవీ వాళ్ళకి పరదా కావాలి. మా తమ్ముడికి కావాల్సొస్తే మాత్రం మేం పెళ్ళికూతురు అన్నాం.

ఆ వారం మేం చదవడం మొదలుపెట్టాం. కాలేజీ లైబ్రరీ కంప్యూటర్లో కొంత, ఫోన్లో కొంత. ఇరుకు చోట్లలో మనుషులు ఉండేలా గదులు ఎలా కడతారు అని వెతికాం. అది పెద్ద చదువేనని, దానికోసం ఆర్కిటెక్టులు, డాక్టర్లు, సైకాలజీ వాళ్ళు పనిచేస్తారని అప్పటిదాకా మాకు తెలీదు.

ముందు కురుసుర గురించే చదివాం. ఆ రకం సబ్‌మెరైన్లని సోవియట్ వాళ్ళు చలి సముద్రాల కోసం తయారు చేసుకున్నారు. 1962లో క్యూబా గొడవప్పుడు ఆ రకానివి నాలుగింటిని వేడి సముద్రాల్లోకి పంపారు. లోపల వేడి 45 డిగ్రీలు దాటింది. తాగే నీళ్ళు కొలిచి పోశారు. మనుషులు సొమ్మసిల్లి పడిపోయారు. పైన అమెరికా యుద్ధనౌకలు తరుముతున్నాయి. ప్రతిదాంట్లో ఒక అణు టార్పెడో ఉంది. ఒకదాంట్లో దాన్ని వదలాలా వద్దా అన్న మాట కూడా ఆ వేడిలోనే వచ్చిందని, వాసిలీ అర్ఖిపోవ్ అనే అధికారి వద్దని ఆపాడని చాలా ఏళ్ళకి బయటికొచ్చింది. ఒకచోటు కోసం గీసిన ప్లాన్‌ని ఇంకోచోట పెడితే ఏమవుతుందో అందులో కనబడుతుంది. నిద్రలేని, గాలాడని గదిలో మనిషి బుర్ర సరిగ్గా పనిచేయదు. మా రూంలో స్విచ్చి దగ్గర కొట్టుకున్నది కూడా మేం చెడ్డవాళ్ళమై కాదేమో అనిపించింది.

తర్వాత స్కైలాబ్. 1973లో అమెరికా పైకి పంపిన అంతరిక్ష కేంద్రం. దాని లోపల ఎలా ఉండాలో చెప్పమని నాసా వాళ్ళు రేమండ్ లోవీ అనే డిజైనర్ని పెట్టుకున్నారు. రైలింజన్లకీ కార్లకీ రూపం ఇచ్చి పేరు తెచ్చుకున్నవాడు. ఆయన అడిగినవి ఏమంత గొప్పవి కావు. భూమి కనబడేలా ఒక కిటికీ. అందరూ కూర్చుని తినే చోటు. ఎవరికి వాళ్ళకి పడుకునే అర. ఇంజనీర్లు కిటికీకి ముందు అడ్డం చెప్పారు, ఖర్చు అన్నారు, గట్టితనం తగ్గుతుందన్నారు. చివరికి పెట్టారు. ఖాళీ దొరికితే వ్యోమగాములు చేసిన పని ఆ కిటికీ దగ్గర చేరడమే. తినే బల్ల మూడు వైపులా ఉండేలా చేశారు. ముగ్గురు మనుషులు, పెద్దపీట ఎవరికీ లేదు.

మాకు రెండు కిటికీలు ఉన్నాయి. ట్రంకు పెట్టెలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం.

సోవియట్ వాళ్ళ దగ్గర గలీనా బలషోవా అనే ఆర్కిటెక్ట్ ఉండేది. సోయుజ్ నౌక, తర్వాత మీర్ కేంద్రం, వాటి లోపలి గదులు గీసింది ఆమె. బరువు తెలియని చోట పైనేదో కిందేదో మనిషికి అంతుపట్టదు. అందుకని నేల ముదురు రంగు, పైకప్పు లేత రంగు వేయించింది. సోయుజ్ గోడ మీద తను చేత్తో వేసిన చెట్లూ నీళ్ళూ ఉన్న బొమ్మలు పెట్టింది. నౌకలో ఆ భాగం తిరిగొచ్చేటప్పుడు కాలిపోతుంది, దాంతో పాటే బొమ్మలూ కాలిపోయాయి. అది చదివినప్పుడు మాకు మా ఇళ్ళ గోడలు గుర్తొచ్చాయి. కింద ఎర్రమట్టి, పైన తెల్లమట్టి. మా అమ్మలు ఏ కాలేజీకీ పోలేదు, పండగ ముందు గోడ అలికేటప్పుడు ఎవరినీ అడగలేదు.

అంటార్కిటికాలో బ్రిటన్ వాళ్ళ హాలీ 6 అనే కేంద్రం ఉంది, 2013లో మొదలైంది. అక్కడ చలికాలంలో 105 రోజులు సూర్యుడే కనబడడు. అందుకని మంచం దగ్గర తెల్లవారినట్టు మెల్లగా వెలిగే దీపాలు పెట్టారు. మంచులో ఏ వాసనా ఉండదు కాబట్టి లోపల మెట్ల చుట్టూ సువాసన వచ్చే దేవదారు చెక్క వేశారు. వాసన గురించి కూడా ఆలోచించారన్నమాట! మా రూం వాసన గురించి ఇక్కడ రాయం.

వీళ్ళందరికీ డబ్బుంది, డిజైనర్లు ఉన్నారు. మాకేముంది అని ఒకడన్నాడు. వాడికి జవాబు చిలీ గనిలో దొరికింది. 2010లో సాన్ హోసే గని కూలి 33 మంది కార్మికులు 700 మీటర్ల లోతున చిక్కుకుపోయారు. 17 రోజులు పైవాళ్ళకి వీళ్ళు బతికున్నారో లేదో కూడా తెలీదు. అయినా లోపల వాళ్ళే పడుకోడానికి ఒక చోటు, దొడ్డికి పోవడానికి దూరంగా ఒక చోటు అని విడగొట్టుకున్నారు. జట్లుగా విడిపోయి పని పంచుకున్నారు. పెద్ద నిర్ణయాలు ఓటేసి తీసుకున్నారు. పైనుంచి సన్నటి గొట్టం దిగాక తిండితో పాటు ఇంటి ఉత్తరాలు దిగాయి. చీకట్లో పగలూ రాత్రీ తేడా తెలిసేలా లైట్లు వాడమని నాసా వాళ్ళు వచ్చి సలహా ఇచ్చారు. 69 రోజుల తర్వాత 33 మందీ బయటికొచ్చారు.

మేం ఏం అర్థం చేసుకున్నామంటే, ఒక గదిలో ఎంతమంది పడతారు అన్నది ఒక లెక్క. ఎంతమంది ఉండగలరు అన్నది ఇంకో లెక్క. మన హాస్టళ్ళు కట్టినప్పుడు మొదటి లెక్క ఒక్కటే వేశారు. రెండోది వేయమని మనమూ ఎప్పుడూ అడగలేదు. "సర్దుకుపోండి" అంటే సర్దుకున్నాం. సర్దుకోలేనివాణ్ణి మనమే వెళ్ళగొట్టాం. స్కైలాబ్‌లో అందరికన్నా ఎక్కువ ఉన్న బృందం ఉన్నది 84 రోజులు. మనలో చాలామంది మూడో తరగతి నుంచి డిగ్రీ దాకా, అంటే పదేళ్ళకు పైగా, ఇలాంటి గదుల్లో ఉంటున్నాం.

ఒక శనివారం టేపు తెచ్చి రూం కొలిచాం. 540 చదరపు అడుగులు. మనిషికి 34 కూడా రాలేదు. చార్ట్ మీద గీసుకుని, మంచాలు అట్టముక్కలతో చేసి అటూ ఇటూ జరిపి చూశాం. మూడు సార్లు కుదర్లేదు, నాలుగోసారి కుదిరింది. ట్రంకు పెట్టెలు మంచాల కిందికి పోయాయి. కిటికీలు తెరిచాం. మనిషికి 150 రూపాయలు వేసుకుని జాలీ, మేకులు, తాడు కొన్నాం. మంచాలు తిప్పి వేస్తే దారి గోడవారకి వచ్చింది, ఇప్పుడు ఎవరి కాళ్ళూ ఎవరికీ తగలవు. మధ్యలో కొంచెం జాగా మిగిలింది. స్టోర్‌లో పడి ఉన్న రెండు విరిగిన బెంచీలు అడిగి తెచ్చి ఒక బల్ల చేశాం. రాత్రి భోజనం అక్కడే, ఫోన్లు లేకుండా. చదువుకునేవాళ్ళు చిన్న ఛార్జింగ్ లైట్లు కొనుక్కున్నారు, పెద్ద లైట్లు పదిన్నరకి ఆర్పేస్తాం. ప్రతి మంచానికీ పరదా. పాత లుంగీలు, దుప్పట్లు, చీరలు. పరదా వేసుంటే ఎవరూ పిలవకూడదు, ఇదే రూల్. నేవీ ఆయన దగ్గర తెచ్చుకున్న రూల్.

వీడియో తీసినవాడు దాన్ని తుడిచేసి, అందరిచేతా తుడిపించాడు. తర్వాత నలుగురం పాడేరు బస్సెక్కాం.

పాడేరు నుంచి జీపు, ఆ తర్వాత నడక. వలిసె పూలు పూసి కొండ వాలంతా పసుప్పచ్చగా ఉంది. తమ్ముడు ఇంటి ముందు రాజ్‌మా కాయలు కొడుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి లోపలికి పోయాడు. వాళ్ళమ్మ మంచం వాల్చి అంబలి ఇచ్చింది. మాలో ఒడియా వచ్చినవాడు జరిగిందంతా దాచకుండా చెప్పాడు. చీర లాగింది మేమే అని చెప్పాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగింది, "అక్కడ నా కొడుక్కి కూర్చోడానికి చోటుందా?"

చార్ట్ చూపించాం. ఇదిగో వాడి మంచం, ఇదిగో కిటికీ అని. కిటికీ పక్క మంచం వాడికి ఉంచాం. ఆమె వేలు పెట్టి కిటికీ ఎటువైపు అని అడిగింది. తూర్పు అన్నాం.

సాయంత్రం పొయ్యి దగ్గర తమ్ముడే వచ్చి కూర్చున్నాడు. "అన్నా, నాకు బెంగ కాదు," అన్నాడు. "నాకు పాఠం తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చదివితే ఎక్కదు. మా మాటలో నాకు నేను చెప్పుకోవాలి. పైకి చెప్పుకుంటే మీరు నవ్వుతారని చీర కట్టుకున్నా." మేం విన్న గుసగుస అది. వాడు సెల్లుల గురించి, రసాయనాల గురించి వాళ్ళ భాషలో తనకి తాను పాఠం చెప్పుకుంటున్నాడు. ఆ రూంలో అందరికన్నా గట్టిగా చదువుతున్నది వాడే. మేం బయటికి పంపింది వాడినే.

మాతో రాలేదు. పది రోజులకి ఒక్కడే వచ్చాడు. చీర తెచ్చుకున్నాడు, అదే చీర, చిరిగిన చోట వాళ్ళమ్మ కుట్టింది. పరీక్షలు రాశాడు. తర్వాతి సెమిస్టర్‌కి ఉంటాడా అంటే "చూద్దాం అన్నా" అంటున్నాడు. మేం గట్టిగా అడగడం లేదు. రాత్రి పరదా వెనక గొణుగుడు మాత్రం వినిపిస్తోంది. ఇప్పుడు ఇంకో ఇద్దరు కూడా అలాగే చదువుతున్నారు.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. పరదాలు కట్టుకున్నాం కాబట్టి అంతా బాగుందని కాదు. బాత్రూంలు పెరగలేదు. రెండో ఫ్యాను అలాగే ఉంది. ఎండాకాలంలో ఈ స్లాబు కింద ఎలా ఉంటుందో మాకు తెలుసు. పదహారు మంది ఉండాల్సిన రూం కాదు ఇది. మేం చేసుకున్నది గనిలో వాళ్ళు చేసుకున్నలాంటిది. వాళ్ళు లోపల సర్దుకున్నారని పైవాళ్ళు తవ్వడం ఆపలేదు కదా. అందుకే మా రూం చార్ట్, కొలతలు, మనిషికి ఎన్ని అడుగులు, ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని బాత్రూంలు, అన్నీ కాయితం మీద పెట్టి పదహారు సంతకాలతో వార్డెన్ సార్‌కి ఇచ్చాం. ఒక కాపీ పైఆఫీసుకి పంపాం. జవాబు ఇంకా రాలేదు. నెలకోసారి మళ్ళీ ఇస్తాం.

మీరు చేయాల్సింది కూడా ఇదే. మీ రూం కొలవండి. కిటికీకి ఏం అడ్డం ఉందో చూడండి. కలిసి తినడానికి రెండు బెంచీలు వెతకండి. తలుపు దగ్గర మంచం ఎవరికి ఇచ్చారో చూడండి, ఎక్కువసార్లు అది కొత్తగా వచ్చినవాడికి, మెల్లగా మాట్లాడేవాడికే దొరుకుతుంది. మనలో ఆర్కిటెక్చర్, సివిల్ చదివే అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే మా చార్ట్ చూసి తప్పులు చెప్పండి. పదహారు మంది ఉండే హాస్టల్ గదిని మన పిల్లలు ఉండగలిగేలా గీసే ఆర్కిటెక్ట్ మనలోంచే రావాలి. బహుశా ఇప్పుడు ఏదో ఆశ్రమ పాఠశాలలో తలుపు దగ్గర పడుకుని ఉంటుంది.

ఈ పోస్టు పెట్టేముందు తమ్ముడికి చదివి వినిపించాం. "పెళ్ళికూతురు అన్నది తీసేయమంటావా?" అని అడిగాం. "వద్దన్నా, ఉంచండి" అన్నాడు.

జై జోహార్.
మీ రూం నంబర్ 7 వాళ్ళం, పదహారు మందిమి.